స్ట్రోక్ తర్వాత మాట పడిపోతే: స్పీచ్ థెరపీకి ఎంత చోటు, ఆక్యుపంక్చర్‌కు ఎంత చోటు

స్ట్రోక్ వచ్చిన మనిషి ఆస్పత్రి నుంచి ఇంటికి చేరిన వారం తిరక్కుండానే సలహాలు మొదలవుతాయి. ఊరి నుంచి చూడటానికొచ్చిన చిన్నాన్న నాటువైద్యం సంగతి ఎత్తుతాడు. అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లు సూదులు గుచ్చే ఆక్యుపంక్చర్ సెంటర్ నంబర్ వాట్సాప్‌లో పంపిస్తారు. డిశ్చార్జి కాగితంలో ఎక్కడో అడుగున 'స్పీచ్ థెరపీ' అని ఒక ముక్క రాసి ఉంటుంది. అదేమిటో, ఎందుకో కూర్చోబెట్టి చెప్పేంత తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

మదనపల్లె నుంచి బెంగళూరుకు తెచ్చుకున్న మా అత్తయ్యను చూసుకున్న రోజుల్లో ఈ సలహాలన్నీ మా ఇంటికీ వచ్చాయి. అప్పటి నుంచి ఇదే కష్టంలో ఉన్న తెలుగు కుటుంబాలు నన్ను అడిగే మొదటి ప్రశ్న: స్పీచ్ థెరపీనా, ఆక్యుపంక్చరా, రెండూనా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మాట కోసం చేసే వైద్యంలో స్పీచ్ థెరపీయే అసలుది. దాని గంటలు తగ్గకుండా, మనిషి ఒంటికి ప్రమాదం లేకుండా కుదిరితే పక్కన ఆక్యుపంక్చర్ పెట్టుకోవచ్చు. థెరపీ మానేసి సూదుల మీదే ఆధారపడటం మాత్రం వద్దు.

ముందు పోయిందేమిటో తెలియాలి

'మాట పడిపోయింది' అని మనం ఒకే మాటగా అంటాం గానీ అందులో వేర్వేరు ఇబ్బందులున్నాయి. వాటికి చేసే వైద్యం కూడా వేరు.

మొదటిది అఫేసియా. చాలామందిలో భాషను నడిపే భాగాలు మెదడు ఎడమవైపు ఉంటాయి. అక్కడికి రక్తం అందకపోతే కుడి చెయ్యి, కుడి కాలితో పాటు భాష కూడా దెబ్బతింటుంది. నీళ్లు కావాలని ఉంటుంది, నోట్లోంచి 'బువ్వ' అని వస్తుంది. కొందరికి ఒకటి రెండు మాటలు తప్ప పెగలవు. ఇంకొందరు గడగడా మాట్లాడతారు గానీ అందులో అర్థం ఉండదు, మనం చెప్పేదీ వాళ్లకు సరిగ్గా అందదు. ఈ రెండో రకాన్ని చూసి మతి పోయిందని భయపడే కుటుంబాలు చాలా ఉన్నాయి. మతి పోలేదు, భాష చెదిరింది.

రెండోది డిసార్థ్రియా. పదం మనసులో సరిగ్గానే ఉంటుంది. పెదవి, నాలుక, గొంతు కండరాలు బలహీనపడి మాట ముద్దగా వస్తుంది. మూడోది అప్రాక్సియా. కండరంలో బలం ఉంటుంది గానీ నాలుకను ఏ వరుసలో కదపాలో మెదడు చెప్పలేకపోతుంది. ఒకే మనిషిలో ఇవి రెండు మూడు కలిసి ఉండటం మామూలే.

ఇంట్లో ఒక అంచనాకు రావడానికి చిన్న పని చేసి చూడండి. గ్లాసు, తాళంచెవి, దువ్వెన ముందు పెట్టి, చేత్తో గానీ చూపుతో గానీ సూచించకుండా 'తాళంచెవి ఇవ్వండి' అని అడగండి. చదువుకున్నవారైతే ఎడమ చేత్తోనైనా పేరు, ఒక చిన్న వాక్యం రాయమనండి. మాట ముద్దగా ఉన్నా రాత సరిగ్గా ఉంటే అది డిసార్థ్రియా అయ్యే అవకాశం ఎక్కువ. రాతలోనూ పదాలు తప్పుతుంటే అఫేసియా అనుకోవచ్చు. ఇది అంచనా వరకే. తేల్చి చెప్పాల్సింది స్పీచ్ థెరపిస్టు.

ఒక సంగతి చాలా ఇళ్లలో అపార్థాలకు దారితీస్తుంది. అఫేసియా ఉన్న మనిషికి 'ఒకటి, రెండు, మూడు' వస్తుంది, 'రామా' వస్తుంది, కోపమొస్తే తిట్టు కూడా స్పష్టంగా వస్తుంది. కొడుకు పేరు మాత్రం రాదు. కావాలనే పలకడం లేదని ఎవరైనా అంటే దయచేసి ఆపండి. నోటికి అలవాటైపోయిన మాటలు వచ్చే దారి వేరు, అప్పటికప్పుడు పదం వెతుక్కుని చెప్పే దారి వేరు.

నీళ్లు తాగుతుంటే పొలమారడం, దగ్గు రావడం, తిన్న తర్వాత గొంతు గురగురమనడం ఉంటే మాట సంగతి తర్వాత చూద్దాం. ముందు మింగడాన్ని పరీక్ష చేయించాలి. అదీ స్పీచ్ థెరపిస్టే చూస్తారు. ఊపిరితిత్తుల్లోకి తిండి పోతే న్యుమోనియా రావచ్చు. మాట ఉన్నట్టుండి ఇంకా క్షీణించినా, మూతి కొత్తగా వంకరపోయినా ఏ సెంటర్‌కూ ఫోన్ చేయకండి, 108కి చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా ఉన్న గడువు నాలుగున్నర గంటలే.

స్పీచ్ థెరపీ ఏం చేస్తుంది, ఎంత చేయాలి

దెబ్బతిన్న చోటు చుట్టుపక్కల మిగిలిన మెదడు ఆ పనిని కొంత అందుకోగలదు. కానీ పని ఇస్తేనే అందుకుంటుంది. స్పీచ్ థెరపీ అంటే ఆ పని ఇవ్వడమే. బొమ్మ చూపించి పేరు చెప్పించడం, పేరు రాకపోతే 'అది దేనికి వాడతాం, ఎక్కడుంటుంది, ఏ అక్షరంతో మొదలు' అని చుట్టూ తిప్పి పదం దగ్గరకు తీసుకెళ్లడం, రోజూ కావలసిన నాలుగు వాక్యాలను నోటికి పట్టించడం, రాగంలో మాట్లాడించడం, ఇలా ఎన్నో పద్ధతులున్నాయి. డిసార్థ్రియాకైతే ఊపిరి పట్టడం, నెమ్మదిగా విడివిడిగా పలకడం నేర్పుతారు. చూసేవాళ్లకు విసుగు పుట్టేంత మెల్లగా సాగుతుంది. మొదటి రెండు వారాల్లోనే 'ఇదేం వైద్యం, బొమ్మలు చూపిస్తున్నారు' అని మానేసేవాళ్లను చూసి నాకు నిజంగా బాధేస్తుంది.

వైద్య పరిశోధనలను వడపోసి చూసే కాక్రేన్ సంస్థ 2016లో ఇచ్చిన సమీక్ష 57 ట్రయల్స్‌ను, అంటే రోగులను గుంపులు చేసి వైద్యాన్ని పోల్చి చూసిన అధ్యయనాలను, 3002 మందిని కలిపి చూసింది. అఫేసియా ఉన్నవారికి స్పీచ్ థెరపీ వల్ల రోజువారీ మాటామంతీ, చదివి అర్థం చేసుకోవడం, మనసులోది చెప్పడం మెరుగుపడతాయని తేల్చింది. ఎక్కువ గంటలు చేస్తే ఎక్కువ ఫలితం కనిపించింది గానీ, అలాంటి చోట మధ్యలో మానేసినవాళ్లూ ఎక్కువే. మనిషి ఓపికను చూసుకుంటూ గంటలు పెంచాలన్నమాట.

ఎన్ని గంటలంటే? 2022లో వచ్చిన రిలీజ్ అనే పెద్ద విశ్లేషణ 25 ట్రయల్స్‌లోని 959 మంది వివరాలను కలిపి చూసింది. మొత్తం 20 నుంచి 50 గంటల థెరపీ తీసుకున్నవారిలో మెరుగు ఎక్కువగా కనిపించింది. వారానికి ఒకటి రెండు రోజులతో సరిపెట్టుకోకుండా నాలుగైదు రోజులు చేసినప్పుడు, ఇంట్లో చేయాల్సిన సాధన కూడా రాసిచ్చినప్పుడు ఫలితం బాగుంది. దీన్ని మన లెక్కలోకి తెచ్చుకుందాం. వారానికి రెండు సార్లు, 45 నిమిషాల చొప్పున వెళ్తే 20 గంటలు నిండటానికి మూడు నెలలు దాటుతుంది. అదే వారానికి అయిదు రోజులైతే అయిదారు వారాల్లో నిండుతుంది. థెరపీ పనిచేయలేదని చెప్పే చాలా ఇళ్లలో అడిగి చూస్తే పది గంటలు కూడా నిండి ఉండవు.

ఆరు నెలలు దాటితే ఇక మాట రాదనే మాట కూడా నమ్మకండి. జర్మనీలో ఆరు నెలలు, అంతకు పైబడిన అఫేసియా ఉన్న 158 మందితో చేసిన ట్రయల్ 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. వాళ్లంతా 70 ఏళ్లు మించనివారు. మూడు వారాల పాటు వారానికి పది గంటలకు తగ్గకుండా థెరపీ ఇస్తే మాట్లాడే శక్తి మెరుగుపడింది.

ఆక్యుపంక్చర్ గురించి తెలిసినదెంత

ఆక్యుపంక్చర్‌ను అబద్ధం అని కొట్టిపారేయడం నాకిష్టం లేదు, దాన్నొక మంత్రంలా అమ్మడం అసలే ఇష్టం లేదు. మాట కోసం సాధారణంగా తలమీద, గొంతు పైభాగాన గడ్డం కింద, మణికట్టు దగ్గర సూదులు పెడతారు. కొందరు నాలుక కింద కూడా గుచ్చుతారు. కొన్ని చోట్ల సూదులకు సన్నటి కరెంటు కలుపుతారు. వేళ్లతో నొక్కే ఆక్యుప్రెషర్ వేరు, ఫిజియోథెరపిస్టులు కండరాల నొప్పికి చేసే డ్రై నీడ్లింగ్ వేరు. బోర్డు మీద అన్నీ కలిపి రాసి ఉన్నా మీరు విడదీసి అడగాలి.

స్ట్రోక్ తర్వాత కోలుకోవడంలో ఆక్యుపంక్చర్ మీద 2016లోనే మరో కాక్రేన్ సమీక్ష వచ్చింది. 31 ట్రయల్స్, 2257 మంది. కొన్ని అంశాల్లో మేలు ఉండొచ్చని కనిపించినా, ట్రయల్స్ నాణ్యత బలహీనంగా ఉండటంతో గట్టిగా చెప్పలేమని రాశారు. ఆ తర్వాత 2024లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో చైనా నుంచి ఒక మెరుగైన ట్రయల్ వచ్చింది. మోటార్ అఫేసియా, అంటే అర్థం చేసుకోవడం కంటే చెప్పడం ఎక్కువ కష్టమైన రకం ఉన్న 252 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు అసలు ఆక్యుపంక్చర్, మరో గుంపుకు ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ ఆరు వారాలు ఇచ్చారు. అసలు సూదులు పెట్టినవారు భాషా పరీక్షలో నూటికి సుమారు ఎనిమిది మార్కులు ఎక్కువ మెరుగయ్యారు. ఆ తేడా ఆరు నెలలకు కూడా నిలిచింది.

ఇది చిన్న సంగతేమీ కాదు. కానీ ఆ ట్రయల్‌ను సెంటర్లవాళ్లు చూపించేటప్పుడు ఒక ముఖ్యమైన వివరం వదిలేస్తారు: రెండు గుంపులకూ భాషా శిక్షణ నడుస్తూనే ఉంది. సూదులు ఒక్కటే ఇస్తే ఏమవుతుందని ఆ ట్రయల్ అడగనే లేదు. పైగా అది మోటార్ అఫేసియాకు సంబంధించినది. దాన్ని తెచ్చి ముద్దమాటకో, మింగలేకపోవడానికో అతికించకూడదు. సూదులు పెట్టే మనిషికి ఏది అసలో ఏది ఉత్తుత్తో తెలుస్తుంది కాబట్టి, ఆ తెలియడం ఫలితాన్ని కొంచెం అటూ ఇటూ చేయొచ్చు. మన దేశంలో, మన భాషల్లో ఇలాంటి ఫలితం మళ్లీ వస్తే నా నమ్మకం పెరుగుతుంది.

ఇంకొకటి. స్ట్రోక్ తర్వాత మొదటి మూడు నెలల్లో చాలామందికి మాట కొంత దానంతటదే తిరిగొస్తుంది. ఆ సమయంలో ఏది ఇచ్చినా దానికే పేరొస్తుంది. 'నాలుగు సార్లు సూదులు వేయించాం, అమ్మా అని పిలిచింది' అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ పిలుపు సూదుల వల్లే వచ్చిందని అనుకోవడానికి అది చాలదు.

బెంగళూరులో ఉన్న తెలుగు మనిషికి అసలు చిక్కు

ఇక్కడ మెదడు, మానసిక వ్యాధులు చూసే నిమ్హాన్స్ ఆస్పత్రిలో స్పీచ్ పాథాలజీ విభాగం ఉంది. లింగరాజపురం వైపు మాట, వినికిడి సమస్యలు చూసే డాక్టర్ ఎస్.ఆర్. చంద్రశేఖర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. పెద్ద ప్రైవేటు ఆస్పత్రుల్లోనూ థెరపిస్టులున్నారు. మైసూరులో 1965 నుంచి ఉన్న ఐష్, అంటే అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, రోడ్డు మీద మూడు గంటల దూరం. వైద్యానికి కొదవ లేదు. చిక్కల్లా భాష దగ్గరే. థెరపిస్టుకు కన్నడ, ఇంగ్లిష్, ఒక్కోసారి తమిళం వస్తాయి. అనంతపురం నుంచో చిత్తూరు నుంచో వచ్చి కొడుకింట్లో ఉంటున్న పెద్దావిడకు తెలుగు తప్ప రాదు.

అఫేసియాకు వైద్యం ఆ మనిషి జీవితమంతా మాట్లాడిన భాషలో జరగాలి. అందుకని ఫోన్ చేసినప్పుడే తెలుగు వచ్చిన థెరపిస్టు ఉన్నారా అని అడగండి. పరీక్షకు వాడే వెస్ట్రన్ అఫేసియా బ్యాటరీకి తెలుగు రూపం ఉంది, అది చేయగలరా అనీ అడగండి. దొరక్కపోతే ఇంట్లో తెలుగు బాగా మాట్లాడేవాళ్లు ఒకరు ప్రతి సెషన్‌లో పక్కన కూర్చుని, థెరపిస్టు చెప్పిన పనిని తెలుగులో చేయించాలి. వారంలో కొన్ని రోజులు హైదరాబాద్ నుంచి వీడియో కాల్ మీద తెలుగు థెరపిస్టును పెట్టుకోవడం ఇంకో మంచి దారి. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చుని అలసిపోయిన మనిషి నోట మాటలు రాబట్టడం కష్టం. వీడియో మీద ఆ బడలిక ఉండదు. అయితే మింగడంలో ఇబ్బంది ఉన్నవారికి, చెప్పింది బొత్తిగా అర్థం కానివారికి ఎదురుగా చేసే థెరపీయే మంచిది.

బొమ్మల కార్డులు కూడా మన జీవితంలోవే ఉండాలి. మా అత్తయ్యకు ముద్రించిన కార్డుల్లో సగం వస్తువులు ఎప్పుడూ చూడనివే. రోలు, చేట, సంగటి గిన్నె, తులసికోట, మనవళ్లు, పాత ఇంటి వాకిలి, ఇవన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి థెరపిస్టుకు ఇచ్చాక ఆవిడ ముఖంలో ఆసక్తి వచ్చింది. పాట వచ్చినవారైతే రోజూ పాడించండి. మాట రానివారు కూడా చిన్నప్పటి కీర్తన పదాలతో సహా పాడతారు. థెరపిస్టు దాన్ని మాటలోకి మళ్లించే ప్రయత్నం చేయగలరు.

నాలుగు భాషలు వచ్చినవాళ్లకు మాట పోదని కొందరు ధైర్యం చెబుతుంటారు. హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది స్ట్రోక్ రోగుల వివరాలతో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2016లో ప్రచురించిన పరిశోధన దీన్ని పరిశీలించింది. ఒకటికంటే ఎక్కువ భాషలు వచ్చినవారిలో జ్ఞాపకశక్తి, ఆలోచన బాగా నిలిచినవాళ్లు ఎక్కువగా ఉన్నారు. అఫేసియా వచ్చే అవకాశం మాత్రం రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే.

సూదులు వేయించాలనుకుంటే

ముందు న్యూరాలజిస్టును అడగండి, మందుల చీటీ చూపించి అడగండి. స్ట్రోక్ వచ్చినవారిలో చాలామంది ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వేసుకుంటారు. గుండె లయ సమస్య ఉన్నవారు వార్ఫరిన్, అపిక్సబాన్ లాంటివి వాడతారు. రక్తం పలుచనయ్యే మందులున్నాయని సూదులు పూర్తిగా నిషేధం కాదు, కానీ లోతుగా గుచ్చడం, నాలుక కింద గుచ్చి రక్తం తీయడం వద్దే వద్దు. మెదడు మీద ఒత్తిడి తగ్గించడానికి పుర్రె ఎముక కొంత తీసి ఉంటే ఆ పక్క తలమీద సూది పెట్టనివ్వకూడదు. పేస్‌మేకర్ ఉంటే కరెంటు పెట్టే రకం వద్దు. మూర్ఛలు వచ్చి ఉంటే అదీ ముందే చెప్పాలి.

వీటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే ఉంది. అఫేసియా ఉన్న మనిషి 'నొప్పిగా ఉంది, కళ్లు తిరుగుతున్నాయి, ఆపండి' అని చెప్పలేరు. కుడివైపు స్పర్శ తగ్గి ఉంటే వాళ్లకే సరిగ్గా తెలియకపోవచ్చు. అందుకని సూదులు పెట్టినంతసేపూ ఇంటి మనిషి గదిలోనే ఉండాలి. 'ఆపండి' అనడానికి ఎడమ చెయ్యి ఎత్తడం లాంటి సైగ ముందే అనుకుని, అది వాళ్లకు అర్థమైందో లేదో రెండుసార్లు చూసుకోవాలి. అటెండర్లను బయట కూర్చోమనే చోటికి వెళ్లకండి. ఇష్టం లేదని మనిషి తల తిప్పేసుకుంటే ఆ రోజుకు వదిలేయండి.

స్పీచ్ థెరపిస్టులకు ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉంటుంది, నంబర్ అడిగి చూసుకోవచ్చు. ఆక్యుపంక్చర్ విషయంలో శిక్షణ స్థాయి మనిషికీ మనిషికీ చాలా మారుతుంది. ఎంబీబీఎస్ లేదా ప్రకృతి వైద్యంలో బీఎన్‌వైఎస్ చదివి ఆక్యుపంక్చర్ నేర్చుకున్నవారిని ఎంచుకోమంటాను. స్ట్రోక్ రోగులను ఎంతకాలంగా చూస్తున్నారో అడగండి. సూదులు కొత్త ప్యాకెట్ మీ ముందే చింపాలి, ఒకసారి వాడి పారేయాలి. బీపీ, షుగరు, రక్తం మందులు ఆపమని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. స్పీచ్ థెరపీ అక్కర్లేదన్నా అంతే. పూర్తి ప్యాకేజీ డబ్బు ముందే కట్టకండి.

ఎవరికి ఏది

స్ట్రోక్ వచ్చి మూడు నెలల లోపైతే, ఉన్న ఓపికంతా, వాహనం ఖర్చంతా స్పీచ్ థెరపీకి, ఫిజియోథెరపీకి పెట్టండి. సూదుల కోసం తొందరపడాల్సిన పని లేదు. థెరపీ వారానికి నాలుగైదు రోజులు స్థిరపడి, మనిషి తట్టుకుంటున్నారని తెలిశాక, మోటార్ అఫేసియా అయితే, న్యూరాలజిస్టు సరేనంటే, ఆరు వారాలకు మాత్రమే ఆక్యుపంక్చర్ కలిపి చూడటం సబబు. కలిపే ముందు, ఆరు వారాల తర్వాత స్పీచ్ థెరపిస్టుతో అదే పరీక్ష చేయించండి. ఇంట్లో కూడా ఒకే బొమ్మ చూపించి, ఒకే ప్రశ్నలు అడిగి చిన్న వీడియో తీసి పెట్టుకోండి. తేడా లేకపోతే నిష్ఠూరాలు లేకుండా ఆపేయొచ్చు.

డబ్బు ఒకదానికే సరిపోతే స్పీచ్ థెరపీ. ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే ఇలాంటి చికిత్సకు చాలా ఇన్సూరెన్స్ పాలసీలు డబ్బివ్వవు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ప్రైవేటు ఫీజు భారమైతే ప్రభుత్వ సంస్థలో వారానికి ఒకసారి చూపించుకుని, వాళ్లు రాసిచ్చిన సాధనను ఇంట్లో రోజుకు రెండు పూటలా చేయించండి. ముద్దమాట ఒక్కటే ఉంటే నేను ఆక్యుపంక్చర్ వైపు వెళ్లమనను. ఏళ్లు గడిచిన అఫేసియాకైతే కొన్ని వారాల పాటు గట్టిగా థెరపీ చేయించడం ముందు ప్రయత్నించాల్సింది.

మనిషి దిగులుగా, నిద్ర లేకుండా, థెరపీకి రానంటూ ఉంటే డిప్రెషన్ ఉందేమో డాక్టరును అడగండి. స్ట్రోక్ వచ్చినవారిలో దాదాపు మూడోవంతు మందికి అది వస్తుంది, దానికి మందులున్నాయి. సూదులు వేయించుకున్నాక ఒళ్లు తేలికపడిందని, నిద్ర పట్టిందని కొందరు చెబుతారు. మరుసటి రోజు థెరపీలో ఇంకో పది నిమిషాలు కూర్చోగలిగితే అది కూడా లాభమే. కానీ అది మాట వచ్చినట్టు లెక్క కాదు.

మొదటిసారి థెరపిస్టు దగ్గరకు వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ రిపోర్టు, మందుల చీటీతో పాటు కళ్లజోడు, చెవి మిషన్, కట్టుడు పళ్లు తప్పకుండా తీసుకెళ్లండి. పొద్దున టిఫిన్ తిని కాస్త విశ్రాంతి తీసుకున్నాక ఉండే సమయం అడగండి. మనిషి ఏ భాషలు మాట్లాడేవారు, ఏం పని చేసేవారు, చదవడం రాయడం ఎంతవరకు వచ్చు, ఎవరితో ఏం కబుర్లు చెప్పుకునేవారు అన్నది ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. థెరపిస్టు ఆయనకు కావలసిన మొదటి పది మాటలను అందులోంచే ఎంచుకోగలరు.